సొమ్మొకరిది, సోకొకరిది

హవాయి కోనా కాఫీకి లోకమంతా పేరుంది. ఆ పేరును నిలబెడుతున్నది లావా రాళ్ల మీద మూడు నాలుగు ఎకరాలు సాగుచేసే చిన్న రైతులు. పురుగుతో, తెగులుతో, కూలి ఖర్చుతో వేగుతున్న వారు ఇప్పుడు తమ ఊరి పేరును కూడా కాపాడుకోవలసి వస్తోంది.

హవాయి దీవుల్లోని సూపర్‌మార్కెట్లలో ‘కోనా’ అని కొట్టొచ్చినట్టు రాసిన కాఫీ పొట్లాలు వరుసగా పేర్చి ఉంటాయి. ఆ పేరు పక్కనే మరో మాట ఉంటుంది: పది శాతం మిశ్రమం. అంటే ఒక పౌండు (454 గ్రాములు) పొట్లంలో కోనా గింజలు 45 గ్రాములు. మిగతా 409 గ్రాములు లాటిన్ అమెరికా నుంచో ఆసియా నుంచో దిగుమతి అయినవి కావచ్చు. 1991 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. పదో వంతు కలిపితే చాలు, పేరు వాడుకోవచ్చు.

అదే దుకాణంలో నూరు శాతం కోనా పొట్లం కూడా దొరుకుతుంది. దాని ధర పౌండుకు 40 డాలర్ల పైమాటే. అంత పెట్టి కొనేవారు ఏదో పెద్ద ఎస్టేటును ఊహించుకుంటే పొరపాటు. ఆ గింజల వెనక ఉన్నది సాధారణంగా ఒక కుటుంబం, ఒక పాత జీపు, వాన నీటి ట్యాంకు, మూడు నాలుగు ఎకరాల రాళ్ల నేల.

మేఘమే గొడుగు

తెలుగులో కోన అంటే కొండల నడుమ లోయ. హవాయి భాషలో కోనా అంటే గాలి మరుగున ఉన్న వైపు. ఆ ద్వీప సమూహంలో అన్నింటికన్నా పెద్దదైన హవాయి దీవి పడమటి తీరాన హులాలై, మౌనా లోవా అనే రెండు అగ్నిపర్వతాలున్నాయి. వాటి వాలు మీద సుమారు 30 మైళ్ల పొడవున, రెండు మైళ్ల వెడల్పున పరుచుకున్నదే కోనా కాఫీ ప్రాంతం. కింద కైలువా తీరంలో పర్యాటకుల హోటళ్లు, పైన పొగమంచు కమ్మిన అడవి. మధ్యలో 500 అడుగుల నుంచి 3,000 అడుగుల ఎత్తు వరకు ఆరు వందలకు పైగా తోటలు. వాటిలో అత్యధికం ఐదెకరాల లోపువే.

అరకులోనూ చిక్‌మగళూరులోనూ కాఫీ మొక్కకు నీడ కోసం సిల్వర్ ఓక్ చెట్లు పెంచుతారు. కోనాలో ఆ పని చాలావరకు మేఘాలే చేస్తాయి. పొద్దున్నే ఎండ కాస్తుంది. మధ్యాహ్నానికి సముద్రం మీంచి లేచిన తేమ కొండకు ఆనుకుని మబ్బు పడుతుంది. సాయంత్రం జల్లు కురుస్తుంది. హవాయిలో చాలాచోట్ల చలికాలంలో వానలు పడితే, కోనాలో మాత్రం వేసవిలో పడతాయి. కాయ ఎదిగే వేళకు తడి, ఆరబెట్టే వేళకు పొడి వాతావరణం. కాఫీకి ఇంతకన్నా ఏం కావాలి?

రైతు దినచర్యను నడిపేది కూడా ఈ మేఘమే. తెల్లవారగానే తోటలోకి దిగితే మబ్బు కమ్మేలోపు కోత, కత్తిరింపు, మందు కొట్టడం వంటి పనులు ముగించాలి. ఆ తర్వాత రాళ్లు జారతాయి. చాలాచోట్ల మట్టి అన్నది పేరుకే. కాలి కింద ఉన్నది గడ్డకట్టిన లావా. మొక్క నాటాలంటే గడ్డపారతో రాయి పగలగొట్టి గుంట చేయాలి. ట్రాక్టరు తిరగదు. కలుపు కోత యంత్రాన్ని భుజాన వేసుకుని వాలు మీద నడవాల్సిందే. నీరు లావా రాళ్లలోకి ఇంకిపోతుంది కాబట్టి ఏడాది పొడుగునా పారే వాగులు ఈ వైపు లేనట్టే. ఇంటి కప్పు మీద పడిన వానను ట్యాంకులోకి మళ్లించి వాడుకునే కుటుంబాలు ఎన్నో.

పర్యాటకుల కరపత్రాల్లో కనిపించని ఇబ్బందులు మరికొన్ని ఉన్నాయి. బయటి నుంచి వచ్చి స్థిరపడిన చిన్న నిప్పు చీమలు కొమ్మ కదిపితే మెడ మీద రాలి కుడతాయి. అడవి పందులు వేర్లు పెళ్లగిస్తాయి. అగ్నిపర్వతం పొగ గాలితో కలిసి వచ్చిన రోజుల్లో గొంతు మండుతుంది.

పువ్వు నుంచి పొట్టు దాకా

తోటల్లో ఏడాది కత్తెరతో మొదలవుతుంది. కోత ముగిసిన తర్వాత కొమ్మలు కత్తిరిస్తారు. ఏటా కొన్ని వరుసలను మోడు దాకా నరికి, మూడు నాలుగేళ్లలో తోటంతటినీ వంతులవారీగా కొత్తగా చిగురింపజేసే పద్ధతీ ఉంది. ఫిబ్రవరి నుంచి పూత వస్తుంది. మల్లెల వాసనతో కొండవాలు రాత్రికి రాత్రే తెల్లబడుతుంది. స్థానికులు దాన్ని ‘కోనా మంచు’ అంటారు. ఎరువులు, కలుపు తీతతో వేసవి గడిచిపోతుంది. ఆగస్టు నుంచి జనవరి దాకా కోత.

ఒక్క కొమ్మ మీద కాయలన్నీ ఒకేసారి పండవు. అందుకే ఒక్కో చెట్టు దగ్గరికి సీజనులో పలుమార్లు వెళ్లాలి. నడుముకు బుట్ట కట్టుకుని, కొక్కెం ఉన్న కర్రతో కొమ్మ వంచి, ఎర్రబడ్డ పండును మాత్రమే చేత్తో తెంపాలి. పచ్చికాయ కలిస్తే రుచి చెడుతుంది, ముగ్గిపోయిన పండు కలిస్తే పులుపెక్కుతుంది. బుట్టలు 100 పౌండ్ల బస్తాలోకి చేరతాయి. కూలీకి డబ్బు ముట్టేది కోసిన బరువును బట్టి. సాయంత్రం తూకం దగ్గరే ఆ రోజు లెక్క తేలుతుంది.

కోసిన పండు ఆగదు. అదే రోజు యంత్రంలో వేసి తొక్క వలవాలి. జిగురుతో ఉన్న గింజలను తొట్టెలో రాత్రంతా పులియనిచ్చి, మర్నాడు పొద్దున కడగాలి. తర్వాత చెక్క పలకల వేదిక మీద పలచగా పరచి, పళ్లున్న కర్రతో పదేపదే తిరగేస్తూ వారం, పది రోజులు ఆరబెట్టాలి. సాయంత్రం జల్లు పడే సమయానికి వేదిక మీదకు కప్పు లాగాలి. అందుకోసం రేకుల కప్పును పట్టాల మీద చక్రాలతో అమరుస్తారు. ఇంట్లో ఎవరో ఒకరు ఆకాశం మీద కన్నేసి ఉండాల్సిందే. ఒక్క వాన తగిలితే నెలల కష్టం బూజు పడుతుంది.

అన్ని దశలూ దాటాక 100 పౌండ్ల పండు సుమారు 13 పౌండ్ల వేయించిన గింజగా మిగులుతుంది. ఇంతటి ఓపికను ఈ కొండకు తెచ్చింది ఎవరన్న ప్రశ్నకు జవాబు ఆ చెక్క వేదిక పేరులోనే ఉంది. దాన్ని ఇప్పటికీ ‘హోషిదానా’ అంటారు. అది జపాన్ మాట.

ఎస్టేట్లు పోయి, ఎకరాలు మిగిలి

హవాయికి కాఫీ మొక్కలు 1825లో బ్రెజిల్ నుంచి వచ్చాయి. 1828లో శామ్యూల్ రగల్స్ అనే మిషనరీ వాటిని కోనాలో నాటాడు. హెన్రీ నికొలస్ గ్రీన్‌వెల్ అనే ఆంగ్ల వర్తకుడు పంపిన కోనా కాఫీకి 1873 వియన్నా ప్రపంచ ప్రదర్శనలో గుర్తింపు దక్కింది. 1892లో గ్వాటెమాలా నుంచి తెచ్చిన మొక్క ఇక్కడి నేలకు బాగా నప్పింది. ‘కోనా టిపికా’ అని నేడు చెప్పుకునేది దాని సంతతే.

పెద్ద తోటల కాలం ఎంతో కాలం సాగలేదు. 1899లో ప్రపంచ కాఫీ ధరలు కుప్పకూలాయి. గిట్టుబాటు కాక యజమానులు భూమిని ముక్కలు చేసి 5 నుంచి 15 ఎకరాల చొప్పున కౌలుకిచ్చారు. చెరకు తోటల్లో మేస్త్రీల కింద నలిగిపోయిన జపాన్ వలస కూలీలు ఆ ముక్కలను అందుకున్నారు. ఒప్పందం మధ్యలో పారిపోయి, పేరు మార్చుకుని వచ్చినవారూ ఉన్నారు. ఎస్టేటుకు నష్టం తెచ్చిన పంట కుటుంబానికి బతుకుతెరువైంది. ఎందుకంటే ఇంటిల్లిపాది శ్రమకు ఎవరూ లెక్క కట్టలేదు.

అలాగని వారు స్వేచ్ఛగా బతికారనుకుంటే పొరపాటు. అప్పట్లో కోనా మార్కెట్ అంతా రెండు పెద్ద కంపెనీల గుప్పిట్లో ఉండేది. బియ్యం, ఎరువులు అరువుకిచ్చేదీ వారే, పంట కొనేదీ వారే. అప్పిచ్చిన షావుకారుకే ధాన్యం తోలడం తెలుగు పల్లెలు కూడా ఎరిగిన సంగతే. 1930ల మాంద్యంలో అప్పు తీరే దారి లేక కొందరు రాత్రివేళ పంటను దాటించి మరొకరి పేరు మీద అమ్ముకునేవారు.

బస్తాలను గాడిదలు మోసేవి. కొండంతా మార్మోగే వాటి ఓండ్రకు ‘కోనా కోకిలలు’ అని ముద్దుపేరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యం వదిలించుకున్న జీపులు వచ్చి వాటికి విశ్రాంతినిచ్చాయి. పిల్లలకు మాత్రం విశ్రాంతి లేదు. 1932 నుంచి 1969 దాకా కోనా బడులకు వేసవి సెలవులు వేసవిలో ఇచ్చేవారు కాదు. కోతకు పిల్లల చేతులు కావాలి కాబట్టి ఆగస్టు నుంచి నవంబరు దాకా ఇచ్చేవారు. 1986లో చాలెంజర్ ప్రమాదంలో మరణించిన వ్యోమగామి ఎలిసన్ ఒనిజుకా పుట్టింది ఈ తోటల మధ్య ఉన్న కెయలకెకువాలోనే.

చదువుకున్న పిల్లలు హోటళ్లకు, ఆఫీసులకు, పెద్ద నగరాలకు వెళ్లిపోయారు. కోనా తోట ఒక తరాన్ని పైకి తెచ్చి, తాను వెనకబడింది. 1980లలో మేలురకం కాఫీకి గిరాకీ పెరిగేసరికి మళ్లీ ప్రాణం పోసుకుంది. ఈసారి అమెరికా ప్రధాన భూభాగం నుంచి రిటైరై వచ్చినవారు కూడా తోటలు కొన్నారు. పాత జపాన్, ఫిలిప్పినో కుటుంబాలు, మెక్సికో నుంచి కోతకు వచ్చి సొంతంగా కౌలు పట్టినవారు, కొత్తగా వచ్చిన తెల్లవారు ఇప్పుడు పక్కపక్క గట్ల మీద సాగు చేస్తున్నారు.

నువ్వుగింజంత శత్రువు

2010లో ఈ గట్లన్నింటినీ ఒక పురుగు కలిపింది. నువ్వుగింజకన్నా చిన్నదైన కాయతొలుచు పురుగు (బెర్రీ బోరర్) కోనాలో బయటపడింది. ఆడపురుగు కాయకు రంధ్రం చేసి లోపలే గుడ్లు పెడుతుంది. పిల్లలు గింజను తింటాయి. పైనుంచి కొట్టే మందు లోపలికి అందదు. అందుకే రైతులు పురుగును చంపే బవేరియా అనే శిలీంధ్రాన్ని పిచికారీ చేయడం నేర్చుకున్నారు. సీజను చివర చెట్టు మీద, నేల మీద ఒక్క కాయ మిగలకుండా ఏరెయ్యాలి. పక్క తోటవాడు ఏరకపోతే ఈ రైతు పడిన శ్రమ వృథా. యజమాని వేరే రాష్ట్రంలో ఉండి పాడుపెట్టిన తోటలు ఉన్నచోట ఇది తీరని తలనొప్పి.

పదేళ్లకు మరో దెబ్బ తగిలింది. 2020 అక్టోబరులో మావీ దీవిలో కనిపించిన ఆకు తుప్పు తెగులు మరుసటి నెలకే హవాయి దీవికి చేరింది. ఆకు అడుగున నారింజ రంగు పొడి కనిపిస్తుంది. ఆకులు రాలిపోతాయి. ఆకు లేని కొమ్మకు మరుసటి ఏడు కాయ ఉండదు.

ఈ తెగులు చేసే విధ్వంసం దక్షిణాసియాకు బాగా తెలుసు. 1869లో శ్రీలంకలో కనిపించి, రెండు దశాబ్దాల్లో అక్కడి కాఫీని దాదాపు తుడిచిపెట్టింది. ఆ దీవి తేయాకుకు మారింది కాబట్టే నేడు ‘సిలోన్ టీ’ అంటున్నాం. కాఫీ కోతకు తమిళనాడు నుంచి వెళ్లిన కూలీల వారసులు తేయాకు తోటల్లో మిగిలిపోయారు. కొడగు, మైసూరు తోటలూ అప్పట్లోనే దెబ్బతిన్నాయి. భారత్ చాలాచోట్ల రోబస్టాకు మళ్లింది. కర్ణాటకలోని బాళెహొన్నూరులో 1925లో మొదలైన పరిశోధన కేంద్రం తుప్పును తట్టుకునే అరబికా రకాలను తయారుచేసింది. 1940లలో వచ్చిన ఎస్ 795 ఇప్పటికీ మన తోటల్లో ఉంది.

కోనా కూడా అదే దారి పట్టొచ్చు కదా? అక్కడే చిక్కు. కోనాకు పేరు తెచ్చింది టిపికా. తుప్పుకు సులువుగా లొంగేదీ అదే. రకం మారిస్తే రుచి మారుతుందేమోనని భయం, మార్చకపోతే చెట్టే ఉండదేమోనని భయం. కొత్త మొక్క నాటితే కాపు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అప్పటిదాకా అప్పు, కౌలు ఆగవు. కోనాలో చాలా భూమి ఇప్పటికీ పెద్ద భూస్వామ్య ట్రస్టులది. వేరొకరి నేలలో దీర్ఘకాలిక పెట్టుబడి పెట్టడానికి ఏ కౌలు రైతైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

పౌండుకు 40 డాలర్లు వస్తుంటే కష్టమేమిటని అనిపించవచ్చు. ఆ ధర వేయించి, పొట్లం కట్టి, సొంత పేరుతో నేరుగా అమ్మినవారికే. ఆ సామగ్రి, ఓపిక లేని రైతు పండుగానే తూకానికి వేస్తాడు. అతనికి దక్కేది పౌండుకు కొద్ది డాలర్లే. దాన్లోంచే కోతకూలి పోవాలి. హవాయిలో కనీస వేతనం 2024లో గంటకు 14 డాలర్లు ఉండగా, 2026 జనవరి నుంచి 16 డాలర్లు. చెట్టు చెట్టుకూ పలుమార్లు తిరగాల్సిన పంటకు ఈ కూలి చాలా ఎక్కువ. కూలీ వైపు నుంచి చూస్తే, అమెరికాలోనే అత్యంత ఖరీదైన రాష్ట్రాల్లో ఒకటైన హవాయిలో అది చాలీచాలని మొత్తం. అందుకే భార్యాభర్తల్లో ఒకరు తోట చూసుకుంటే, మరొకరు హోటల్లోనో బడిలోనో ఉద్యోగం చేసే ఇళ్లు కోనాలో మామూలే.

పేరు కోసం పోరు

ఖర్చు తగ్గే దారి లేనప్పుడు రైతుకు మిగిలేది ధర ఒక్కటే. ఆ ధరను నిలిపేది పేరు. అది కాస్తా పలచబడితే తోటే పోతుంది. కోనా రైతులు గత మూడు దశాబ్దాలుగా పేరు కోసం పోరాడుతున్నది ఇందుకే.

మొదటి పెద్ద మోసం 1996లో బయటపడింది. కాలిఫోర్నియాలోని ఒక టోకు వ్యాపారి మధ్య అమెరికా గింజలను కోనా సంచుల్లోకి మార్చి ఏళ్ల తరబడి అమ్మాడు. రుచి చూసి కొనే నిపుణులు కూడా పసిగట్టలేకపోయారు. చివరకు అతనికి శిక్ష పడింది. కానీ కోనా రుచికి సాటిలేదన్న మాటకు తగిలిన దెబ్బ రైతులకు అంత తొందరగా మానలేదు.

2019లో కొందరు రైతులు సియాటిల్ ఫెడరల్ కోర్టుకెక్కారు. కోనాలో పండనిదాన్ని కోనా అని అమ్ముతున్నారంటూ పలు కాఫీ కంపెనీలు, దుకాణ సంస్థల మీద దావా వేశారు. ఈసారి వారు నాలుకను నమ్ముకోలేదు. గింజ వేయించినా మారని మూలకాల నిష్పత్తిని ప్రయోగశాలలో కొలిపించారు. అగ్నిపర్వత నేల గింజలో వదిలిన గుర్తులే సాక్ష్యమయ్యాయి. ప్రతివాదులు ఒకరి తర్వాత ఒకరు రాజీకి వచ్చారు. మొత్తం పరిహారం 4 కోట్ల డాలర్లు దాటింది.

దొంగను కోర్టుకు లాగవచ్చు. కానీ చట్టమే అనుమతించిన పది శాతం సంగతేమిటి? రైతులు ఏటా శాసనసభకు వెళ్లి అడిగింది ఇదే. మిశ్రమాలు అమ్మేవారి వాదన కూడా కొట్టిపారేయదగ్గది కాదు. నూరు శాతం కోనా కొనలేని పర్యాటకుడికి ఆ పేరు పరిచయం చేస్తున్నది మిశ్రమమేననీ, కోనా పంట మొత్తమే తక్కువ కాబట్టి శాతం పెంచితే పొట్లమే మాయమవుతుందనీ వారంటారు. రైతుల జవాబు సూటిగా ఉంటుంది: పది శాతం తాగినవాడు రుచి చూసింది కోనాను కాదు, మిగతా తొంభై శాతాన్ని. నచ్చకపోతే చెడేది మాత్రం కోనా పేరే.

2024లో శాసనసభ రైతుల వైపు మొగ్గింది. గవర్నర్ జాష్ గ్రీన్ సంతకంతో వచ్చిన చట్టం ప్రకారం 2027 జూలై 1 నుంచి హవాయి ప్రాంతాల పేరుతో అమ్మే కాఫీ మిశ్రమంలో ఆ ప్రాంతపు గింజలు కనీసం 51 శాతం ఉండాలి.

ఈ కథ అరకుకు దూరం కాదు. అక్కడా పెద్ద ఎస్టేట్లది పైచేయి కాదు. ఎక్కువగా ఎకరం, రెండెకరాల గిరిజన కుటుంబాలే పండిస్తాయి. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1990లో నీలగిరుల్లోని గూడలూరులో దేశంలోకి అడుగుపెట్టిన కాయతొలుచు పురుగు, 2025లో అరకు ప్రాంతంలోనూ తొలిసారి కనిపించింది. పేరు పెరుగుతున్న వేళకే పురుగు కూడా వచ్చింది. తోటల్లో ఒక్క కాయ మిగలకుండా ఏరడం, పొరుగువాడితో కలిసి ఏరించడం కోనా రైతు నుంచి నేర్చుకోవలసిన మొదటి పాఠం. పేరుకు గిరాకీ వచ్చాక కాదు, రాకముందే దానికి కంచె వేయాలన్నది రెండోది.

2028 నాటికి కోనా గడ్డ మీద కాఫీ మొక్క పడి రెండు వందల ఏళ్లు. అప్పటికి పొట్లంలో సగానికి పైగా కోనాయే ఉండాలని చట్టం చెబుతోంది. ఆ గింజ కోయడానికి చేతులు, దాన్ని కాయడానికి ఆకు నిలిచిన కొమ్మలు మిగిలేలా చూడటం మాత్రం ఏ చట్టమూ చేయలేదు. ఆ పని ఎప్పటిలాగే రైతుదే.